కలవని అంచు

తుఫాను సాయంత్రానికి తీరం దాటుతుందనగా, మచిలీపట్నం ఆఫీసులో ఉప్పెన మ్యాపులు వేసే హిమబిందు, కోడూరు అవతల రొయ్యల చెరువులున్న బావ చిట్టిబాబుకి ఫోను చేసింది. పలకరింపులైతే అయ్యాయి గానీ ఆమె మనసు మనసులో లేదు.

“అది కాదు బావా, సముద్రపు కట్ట సంగతి చెప్పండి.”

“కట్టకేం, దుక్కలా ఉంది. మా ఊరికి నీళ్ళు రావని మ్యాపు వేసింది నువ్వేగా, ఇంకా ఈ ఆరా ఏంటి?”

“ఆ మ్యాపు గురించే. నీళ్ళ లెక్క కట్టాలంటే ముందు తీరమంతా కంప్యూటర్లో వలలా అల్లుకోవాలి. మెష్ అంటాం. ఒక్క మిషనే అల్లితే తుఫాను దాటిపోయాక గానీ తెమలదు. అందుకని తీరాన్ని ముక్కలు చేసి, మిషన్‌కో ముక్క ఇచ్చి అన్నిటిచేతా ఒకేసారి అల్లిస్తాం. తర్వాత అంచులు కలుపుతాం.”

“బానే ఉంది. మన జాలర్లూ అంతేగా, తలో పక్కనుంచీ అల్లుకొస్తారు.”

“మీ చెరువుల దగ్గర అంచులు కలవలేదు. ఈ ముక్కలో కట్ట ఉంది, పక్క ముక్కలోకి వచ్చేసరికి లేదు.”

“మిషన్లు కదమ్మా, తప్పుతాయి.”

“నేనూ అలాగే అనుకున్నా. నా చేత్తోనే కట్ట కలిపేశా.”

“మంచిపని చేశావు! ఇహ పెట్టెయ్, ఇక్కడ గాలి…”

“ఆగండి. రెండు ముక్కలకీ కొలతలు వేరు వేరని ఇప్పుడే చూశా. కట్ట ఉన్నది పాత సర్వే. లేనిది పోయిన నెలది. బావా, ఏది నిజం?”

“గాలికి సరిగ్గా వినపడట్లేదమ్మా.”

“కట్ట ఉందా, లేదా?”

“ఉంది. ఉందంటే… చెరువుల్లోకి ఉప్పునీళ్ళ కోసం ఏటా కట్టకి కాస్త గండి కొట్టుకుంటాం. తుఫాన్ల రోజులకి ముందు పూడ్చేస్తాం. నేనొక్కణ్ణేనా, అందరూ చేసేదే.”

“ఈసారి పూడ్చారా?”

“రొయ్య ఇంకా ఎదగలేదు. ఇంకో వారం ఆగుదామని…”

“ఎంత గండి?”

“ట్రాక్టరు పడుతుంది. రెండు పడతాయేమో.”

“అయ్యో బావా! ముందు అక్కని తీసుకుని, ఊళ్ళోవాళ్ళతో కలిసి బస్సులెక్కండి. కలెక్టరాఫీసుకి నేను చెప్తా.”

“బస్సులెక్కడివే? మా ఊరికి భయం లేదన్నారని పొద్దున్నే కృత్తివెన్ను వైపు పంపేశారు.”

“అయితే నడిచైనా…”

“బిందూ, నీ మ్యాపు చూసే సముద్రం ఒడ్డునున్న పాలకాయతిప్ప జనాన్నంతా తెచ్చి, గండికెదురుగా ఉన్న మా బళ్ళో దింపారు. మీ అక్క వాళ్ళకి అన్నాలు వడ్డిస్తోంది.”