గడప మేకులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. వియ్యపురాళ్ళలో అల్లుడి తల్లి గురజాలలో డేరా సినిమా చూసొచ్చిన మర్నాడు పొద్దున, ఇద్దరూ చేలో పత్తి ఏరుతున్నారు.

"దెయ్యం బొమ్మ ఎట్టుంది వదినా? అందరూ జడుసుకున్నారంటగా."

"జడుసుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది."

"ఎందుకు?"

"పురిట్లో పోయిన తల్లి దెయ్యమై వచ్చింది. ఎవరినీ ఏం చెయ్యలా. ఉయ్యాల ఊపి పోయింది. నీ కూతురూ అట్టాగే పురిట్లో పోయిననాడు, మళ్ళీ ఇంట్లోకి రాకుండా గడపకు మేకులు కొట్టించింది నేనేగా."

"అందరూ చేసేదేగా. నేనేమన్నా అన్నానా?"

"అనలా. పొద్దున్నే ఆ మేకులు పీకించేశా వదినా."

"నీకు భయం లేదా?"

"బిడ్డను చూసుకోను వచ్చేదానికి భయమేంది?"

కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లి ఒడిలోని పత్తి కింద పెట్టి, వియ్యపురాలి చేతులు రెండూ పట్టుకుంది.

"ఏడాదిగా నీ గడప తొక్కాలంటే కాళ్ళాడేవి కావు వదినా. ఇయ్యాల వచ్చి మన మనవడికి నేనే నీళ్ళు పోస్తా."