భుజం దాకా

"గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదండీ. ఏదో అడిగారు కాబట్టి చెబుతున్నాను."

నిజానికి ఎవరూ అడగలేదు. నష్టపరిహారాల ఆఫీసుకు ఎదురుగా ఉన్న టీకొట్టు అది. భోజనాల విరామంలో, తమ కేసు పిలుపు కోసం కాచుకున్నవాళ్లు బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. మాట్లాడుతున్నది ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. పక్కనే అతని బావమరిది, ఆసుపత్రి కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని, మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. పెయింటరు తల మాత్రం నూనె రాసి, పాపిడి తీసి, చెవుల పక్కన నున్నగా దువ్వి, బడిలో ఫొటోకి తయారైన పిల్లాడి తలలా ఉంది.

"మొన్న చలికాలంలో టీకా వేయించుకున్నానండీ. సూది చూస్తే ఎంతటివాళ్లయినా కళ్లు మూసుకుంటారు కదా? నేను కన్నార్పలేదు. నా ధైర్యం చూసి నర్సమ్మే కళ్లు మూసుకుంది. అక్కడే వచ్చింది చిక్కు. కింద కండలో దిగాల్సిన సూది పైకెళ్లి భుజం కీలులో దిగింది."

"అంటే మందు మంచిది కాదంటారా?" అంది కాలికి కట్టు కట్టుకున్న ఒక పెద్దావిడ.

"అయ్యో, మందుకేమమ్మా, బంగారంలాంటి మందు. ఇంట్లో అందరికీ వేయించాను, అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు. పొడిచిన చోటు తప్పు, అంతే. మర్నాడు పనికెళ్లి రోలరు పట్టుకుని నేను సీలింగు వైపు చూశాను, సీలింగు నా వైపు చూసింది, చెయ్యి మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోలేదు."

"అదిగో, లోపల కూడా ఇంతే చెప్పి ఊరుకుంటే ఎంత బాగుండేది!" అన్నాడు బావమరిది.

"వీడు నా బావమరిది లెండి. కేసు వెయ్యమని వెంటపడింది వీడే. పొద్దున లోపలికి వెళ్తుంటే మెట్ల మీద ఆపి, 'బావా, నీ కాళ్లు పట్టుకుంటాను, గొప్పలకు పోకు. చెయ్యెత్తలేనండీ అను, చాలు' అన్నాడు. సరేరా అన్నాను. నోరు విప్పేదాకా ఆ మాట మీదే ఉన్నాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల ఆఫీసరమ్మ, అటువైపు వకీలు, ఆయన పక్కన కళ్లద్దాల డాక్టరు. 'ఏం పని చేస్తారండీ?' అని ఆవిడ మెత్తగా అడిగింది. 'సీలింగులకు రంగులు వేస్తానమ్మా' అన్నాను. అక్కడ ఆగాలా? నాకు ఆగడం ఎక్కడొచ్చు! 'ఈ ఊళ్లో తలెత్తితే కనిపించేదంతా నా చేతి పనే' అన్నాను."

"ఆకాశం కూడానా?" అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"అది పాత పని. ఒక్క కోటు వేసి వదిలేశాను."

బల్లల మీద నవ్వులు లేచాయి. పెయింటరు సర్దుకుని కూర్చున్నాడు.

"'ఇప్పుడు చెయ్యి ఎలా ఉంది?' అంది ఆవిడ. నా బుర్ర 'నొప్పి' అంది. నా నోరు 'దీనికేమమ్మా, సింహంలా ఉంది' అంది. వకీలు కుర్చీలో ముందుకు జరిగాడు. చూడండీ, నేను మాట్లాడుతుంటే ఎవరైనా అలా ముందుకు జరిగారా, ఇక నన్ను పట్టలేరు. 'బరువులు ఎత్తుతారా?' అన్నాడు. 'పెయింటు డబ్బాలా? చిటికెన వేలు చాలు' అన్నాను. 'నిచ్చెన ఎక్కగలరా?' అన్నాడు. 'నిచ్చెనెందుకు, నేను గుమ్మంలోకొస్తే సీలింగే కిందికి దిగుతుంది' అన్నాను. ఆయన రాసుకుంటున్నాడు. నవ్వుతూ రాసుకుంటున్నాడండీ! నా పనితనానికి మురిసిపోతున్నాడు కాబోలు అనుకున్నాను."

"మీ కేసు కొట్టేయించడానికి రాసుకుంటుంటేనా?" అంది పెద్దావిడ.

"ఇప్పుడు తెలిసిందమ్మా. అప్పుడు తెలియలేదు. నోటికి కూడా టీకా ఉండి ఉంటే ముందు అదే వేయించుకునేవాణ్ణి." తన మాటకు తనే నవ్వుకుని మళ్లీ అందుకున్నాడు. "సరే, ఇంత దూరం వచ్చాక వెనక్కెళ్తే పరువేముంది? తలెత్తి చూస్తే ఆ గది సీలింగు మీద ఇంత చెమ్మ మరక. పెచ్చులు లేచిపోయి, చూస్తే కడుపు తరుక్కుపోయింది. అలాంటిది నేను చూసి ఊరుకునేవాణ్ణా? ఆఫీసరమ్మ బల్లెక్కాను. బల్ల మీద కుర్చీ వేశాను. కుర్చీ మీద వకీలుగారి లావుపాటి పుస్తకాలు పేర్చాను."

"రంగెక్కడిది?"

"గోడలు గీకితే బోలెడు. ఒకప్పుడు నేను వేసిందే కదా, నా మాట వింటుంది."

"బ్రష్షో?"

"మీరు ఆ వకీలుగారి మీసం చూడలేదు." గ్లాసులు కడుగుతున్నాయన చేతిలో గ్లాసు జారినంత పనయింది. "ఒక్క ఊపు ఊపాను, మరక మాయం. ఇంకో ఊపు ఊపాను, సీలింగు అద్దమైపోయింది. కిందున్నవాళ్లంతా అందులో చూసుకుని తలలు దువ్వుకున్నారండీ! మరో ఊపుకి రంగు సీలింగు దాటి పై అంతస్తు నేలకి పట్టింది. అక్కడి గుమస్తాల కాళ్లు అతుక్కుపోయాయి. కావాలంటే వెళ్లి చూడండి, భోజనానిక్కూడా దిగలేదు పాపం.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డాక్టరు కళ్లద్దాలు తీసి నా మెళ్లో వేశాడు. 'మీకెంత కావాలో మీరే తీసుకోండి' అని ఆవిడ ఖజానా తాళాల గుత్తి నా ముందు పెట్టింది. నేనేమన్నాను? 'ఉంచండమ్మా, పేదవాళ్లకు పనికొస్తుంది. నాకు ఈ చెయ్యుంది చాలు' అని కుడి చెయ్యి ఇలా..."

ఎత్తబోయాడు. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మొహంలో నవ్వు అలాగే ఉంచి దాన్ని మెల్లగా ఒళ్లోకి దించుకుని, ఎడమ చేత్తో టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇలా ఊపాను," అన్నాడు.

పెద్దావిడ ఆ చేతి వైపే చూసింది.

"బావా," అన్నాడు బావమరిది, "సీలింగులో చూసుకుని అందరూ తలలు దువ్వుకున్నారన్నావు. నీ తల ఎవరు దువ్వారు?"

"ఇప్పుడదెందుకురా?"

"చెప్పు."

పెయింటరు గ్లాసులోకి చూశాడు. "మీ అక్క."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా. చెయ్యి పైకి రాదు కదా."

"ఆ ఒక్క మాట కోసమేగా పొద్దుట్నుంచీ నీ వెంట తిరుగుతున్నాను!" బావమరిది బల్లల వైపు తిరిగాడు. "బల్లా ఎక్కలేదు, రంగూ వెయ్యలేదండీ. ఆ డాక్టరు చెయ్యెత్తమంటే పళ్లు బిగించి ఎత్తాడు. నవ్వుతూ ఎత్తాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసరమ్మ అది చూసింది కాబట్టి, భోజనాలయ్యాక మళ్లీ అడుగుతాను రమ్మంది. లేకపోతే కేసు అక్కడే పోయేది. పరిహారం వస్తే గాని భుజానికి వైద్యం లేదు. వైద్యం లేకపోతే ఈయనకు పని లేదు. ఇంటి భారమంతా మా అక్క నెత్తిన పడింది."

"సిగ్గేసిందిరా," అన్నాడు పెయింటరు. ఆ గొంతులో కోతల్లేవు. "నా పనే చేతులెత్తి చేసే పని. చెయ్యెత్తలేని పెయింటర్ని అని నలుగురి ముందు చెప్పడానికి నోరు రాలేదు. వేరే మాటలైతే వాటంతటవే వచ్చేశాయి."

"ఇక్కడున్నదీ నలుగురే కదా," అంది పెద్దావిడ. "మా ముందు ఒకసారి అనండి. నోటికి అలవాటవుతుంది."

పెయింటరు గొంతు సవరించుకున్నాడు. "చెయ్యి లేవదు."

"గట్టిగా," అన్నాడు టీకొట్టాయన.

"నా చెయ్యి లేవదు!"

"శభాష్!"

ఆ శభాష్ అనకుండా ఉండాల్సింది. పెయింటరు కళ్లు వెలిగాయి. "లేవదంటే మామూలుగా లేవకపోవడం కాదండీ! ఇంతగా లేవని చెయ్యి దేశంలోనే ఇంకోటి లేదు! క్రేన్లు తెప్పించి కట్టారు, క్రేన్లు విరిగాయి గాని చెయ్యి..."

బావమరిది లేచి అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "భుజం దాకా లేస్తుంది బావా. అంతవరకే చెప్పు."

ఆఫీసు గుమ్మంలోంచి బంట్రోతు చెయ్యూపి పిలిచాడు. పెయింటరు గ్లాసు కింద పెట్టి లేచాడు. దారి దాటుతూ, "భుజం దాకా... భుజం దాకా..." అని గొణుక్కున్నాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, తల మీ అక్క దువ్వుతోందని కూడా చెప్పనా?"

"ముందు అదే చెప్పు బావా."