ఇదీ ఏడుపంటే

ఆ టీవీ సౌండు కాస్త తగ్గించు తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఏమైందట ఆ పిల్లకి, పాడటానికి వచ్చి అలా వెక్కి వెక్కి ఏడుస్తోంది? ఓడిపోయిందా? ఓడిపోతే ఇంటికెళ్లి అమ్మ ఒళ్లో ఏడవచ్చుగా, పాపం, ముక్కుపుటాలు కూడా కనపడేంత దగ్గరగా పెట్టాడు వాడెవడో కెమెరా. మా వదిన ఉండుంటే ఇప్పుడు ఒక్క మాటలో తేల్చేసేది. అదేనమ్మా, మీ అమ్మ మేనమామ భార్య. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఏంటీ, అమ్మ చెప్పిందా? టీవీలో కనపడిందనా? ఆ, కనపడింది. కనపడకపోయినా బావుండేది. సరే, ఆ దిండు నా నడుం వెనక పెట్టు, చెప్తాను.

మా అన్నయ్య వెల్డింగు పని చేసేవాడు. గేట్లు, మెట్ల రెయిలింగులు, అలాంటివి. కళ్లద్దాలు పెట్టుకోరా అంటే వినేవాడు కాదు, చెమట పడుతోంది, అడ్డం వస్తోంది అనేవాడు. ఆ నిప్పురవ్వలు చూసీ చూసీ చూపు కాస్తా కొంచెం కొంచెంగా పోయింది. చివరికి వెలుగూ చీకటీ తేడా తప్ప ఇంకేం తెలిసేది కాదు. పనికి వెళ్లేటప్పుడు ఎంత హుషారైన మనిషో! ఇంట్లో కూలబడ్డాక ఆయనకి మిగిలింది టీవీ ఒక్కటే. చూపులేనివాడికి టీవీ ఏంటంటావా? అక్కడికే వస్తున్నా. వదిన పక్కన కూర్చుని చెప్పేది. "తలుపు తీసింది. వాణ్ణి చూసింది. కోపం వచ్చినట్టు పెట్టింది మొహం, కానీ రాలేదు." అన్నయ్య పడీ పడీ నవ్వేవాడు. "నిజం చెప్పవే, ఎలా ఉంది పిల్ల?" "పిల్లేంటండీ, పెళ్లీడు కొడుకు ఉంటాడు ఆవిడకి. మెడ చూస్తే తెలీదూ? అంటే, మీకు చూపించలేననుకోండి." అలా ఉండేవి మాటలు. వార్తలు చదివేవాణ్ణి చూసి, "వంతెన కూలిందని చెప్తున్నాడండీ, వాడికి మాత్రం భోజనం వేళ అయినట్టుంది" అనేది. గుడ్డివాడికి అబద్ధం చెప్తే పాపం పిల్లా, ఆయన సరిచూసుకోలేడు కదా, అనేది నాతో. అందుకే ఉన్నదున్నట్టు చెప్పటం అలవాటైపోయింది.

నేనూ వదినా పెద్దాసుపత్రిలో బట్టలుతికే గదిలో పని చేసేవాళ్లం. కింద, మెట్లు దిగి వెళ్లాలి. కిటికీల్లేవు, ఎప్పుడూ ఆవిరే, గోడలు కూడా చెమటలు పట్టేవి. ఆరిన దుప్పట్లు ఇద్దరిద్దరం చెరో కొసా పట్టుకుని, ఎదురెదురుగా నడిచి మడతపెట్టేవాళ్లం. నాకు జోడీ ఎప్పుడూ వదినే. రాత్రి చూసినవన్నీ ఆ మడతల మధ్య చెప్పేది. ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చేలోపు ఒక్కొక్క హీరోకి బట్టలూడదీసేది. మిగతావాళ్లు చేతులాపేసి వినేవాళ్లు. "ఏం జడ్జిగారూ, తీర్పేంటివాళ?" అని అడిగితేగాని పని మొదలయ్యేది కాదు. ఒక్కణ్ణి మాత్రం ఏమీ అనేది కాదు. ఆదివారం ప్రోగ్రాం చేసే యాంకరు, నల్ల కోటు వేసుకుని మెత్తగా మాట్లాడేవాడు. "ఆ మొహంలో అబద్ధం లేదు పిల్లా" అనేది. అన్నయ్య ఉడుక్కునేవాడు, "అవునులే, నీ కోటుబాబు కదా!" అని. గొంతు విని మాత్రం, "వీడి నవ్వు ముందొస్తుందే, మాట తర్వాతొస్తుంది" అనేవాడు ఆయన. మేం పట్టించుకుంటేగా.

అలా ఉండగా ఒకరోజు ఆసుపత్రికి ఒక సీరియల్ అమ్మాయి వచ్చింది, రోగులకి దుప్పట్లు పంచటానికి. ఇంటింటా ఆ పిల్ల కోసం ఏడ్చిన రోజులవి. వెంట కెమెరాలు. పంచటం అయ్యాక కెమెరా వాళ్లు కిందకి వచ్చారు, ఈ దుప్పట్లు ఉతికేది మీరేనా, ఆ అమ్మాయి నటన ఎలా ఉంటుందో రెండు ముక్కలు చెప్పండి అని. అందరూ "బంగారం, దేవత" అన్నారు. వదిన దుప్పటి కొస వదలకుండానే, "మంచి పిల్లే. కానీ ఏడవటం రాదు. ఏడుస్తూ జుట్టు సర్దుకుంటుంది. నిజంగా ఏడ్చేవాళ్లకి జుట్టుందని గుర్తుంటుందా?" అంది. కెమెరా పట్టుకున్నవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. వారం తిరిగేసరికి కబురొచ్చింది, కోటుబాబు ప్రోగ్రాంకి రమ్మని. ప్రేక్షకుల మాట వినిపిస్తారట. వదిన ససేమిరా అంది. అన్నయ్యే పట్టుబట్టాడు. "వెళ్లవే. నేనొక్కణ్ణే వింటున్నాను ఇన్నాళ్లూ. ఊరంతా విననీ." ఎంత పొంగిపోయాడో! పక్కింటివాళ్లని పిలిచి మరీ చెప్పాడు.

తోడు నేను వెళ్లాను. స్టూడియో లోపల విపరీతమైన చలి. ఒకడు చెయ్యెత్తితే అందరం చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. కోటుబాబు వదిన చేతులు పట్టుకుని "రండమ్మా" అన్నాడు. ఆవిడ మొహం చూడాలి! అవీ ఇవీ అడిగాడు, నవ్వించాడు. ఆ సీరియల్ అమ్మాయి గురించి అడిగితే, కింద చెప్పిన మాటే చెప్పింది. అంతే, పక్క నుంచి ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. వదిన బిత్తరపోయింది. అప్పుడు వాడు గొంతు మార్చి, "అమ్మా, మీరు వంక పెట్టిన ఆ ఏడుపు సన్నివేశం చేసేనాటికి ఈమె తల్లి చావుబతుకుల్లో ఉంది. మొన్ననే పోయింది. ఇప్పుడేమంటారు?" అన్నాడు. వెనకాల సంగీతం. ఆ పిల్ల తట్టుకోలేకపోయింది. జుట్టూ గుర్తులేదు, మొహానికి వేసిన రంగూ గుర్తులేదు, నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. వదిన లేచి వెళ్లి పక్కన కూర్చుని, ఆ పిల్ల తల తన భుజానికి ఆనించుకుని, "ఏడువు తల్లీ, ఏడువు. ఇదీ ఏడుపంటే. ఇన్నాళ్లూ ఎలా దాచుకున్నావే" అంది. ఆ పిల్ల వదినని గట్టిగా పట్టుకుంది. నేను కళ్లారా చూశాను. వదిన రవిక భుజం తడిసిపోయింది.

ఆదివారం వేశారు. పక్కింటివాళ్లందరితో ఇల్లు నిండిపోయింది. ఆ పిల్ల కూలబడటం చూపించారు. తర్వాత వదిన మొహం. "ఇదీ ఏడుపంటే." అంతే. భుజం లేదు, "ఏడువు తల్లీ" అన్న మాట లేదు, పట్టుకోవటం లేదు. వెంటనే కోటుబాబు తలొంచుకుని కళ్లు తుడుచుకోవటం. తల్లి పోయి ఏడుస్తున్న పిల్లకి వదిన మార్కులు వేస్తున్నట్టు కనపడింది. ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. అన్నయ్యకి అర్థం కాలేదు, "ఏమైందే? అందరూ వెళ్లిపోయారేంటి? అప్పుడే అయిపోయిందా?" అంటున్నాడు.

ఆ ముక్కని వాళ్లు ఊరికే వదల్లేదమ్మా. ప్రకటనల మధ్య వేశారు, సబ్బుకీ పేస్టుకీ మధ్యన. వీధిలో పిల్లలెవరైనా కిందపడితే మిగతావాళ్లు చుట్టూ చేరి "ఇదీ ఏడుపంటే!" అని అరిచేవాళ్లు. ఆసుపత్రిలో చనిపోయినవాళ్ల తాలూకు మనిషి ఒకావిడ మెట్ల దగ్గర వదినని గుర్తుపట్టి మొహం తిప్పేసుకుంది. కింద గదిలో జడ్జిగారూ అనేవాళ్లు లేరు. నేను ఛానెల్ ఆఫీసుకి వెళ్లి మిగతా ముక్క వెయ్యండి బాబూ అని బతిమాలాను. బయట బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించారు. కొన్నాళ్లకి ఆ అమ్మాయి ఏదో ఇంటర్వ్యూలో, "ఆవిణ్ణి నేను క్షమించాను" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం, "అలా చెప్పమని ఉంటార్లే పిల్లా" అంది. ఎవరి గురించైనా ఆవిడ చెప్పిన ఆఖరి అభిప్రాయం అదే.

తర్వాత రోజూ టీవీ పెట్టేవాళ్లు మామూలుగానే. అన్నయ్య అడిగేవాడు, "ఏం జరుగుతోందే?" "మాట్లాడుకుంటున్నారు." "ఎలా మాట్లాడుకుంటున్నారు?" "బాగానే మాట్లాడుకుంటున్నారు." "ఆ పిల్ల ఎలా చేస్తోంది?" "బాగానే చేస్తోందండీ." అందరూ బాగానే చేసేవాళ్లు. అన్నయ్య తల అటూ ఇటూ తిప్పుతూ, ఎవరో గదిలోంచి వెళ్లిపోతే వెతుక్కుంటున్నట్టు కూర్చునేవాడు. "నాతోనైనా నిజం చెప్పవే" అని ఒకసారి చెయ్యి పట్టుకుని అడిగాడు నా ఎదురుగానే. ఆవిడ చెయ్యి విడిపించుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఏడాది తిరక్కుండానే పోయాడు. గుండె. ముందు గదిలో పడుకోబెట్టాం. రాని మనిషి లేడు. ఎందుకొచ్చారో కూడా తెలుస్తూనే ఉంది, అన్నయ్య వైపు ఒకసారి చూసి ఇక వదిన వైపే చూపులు. గుమ్మం దగ్గర ఎవరో గుసగుసగా "చూద్దాం, ఈవిడ ఎలా ఏడుస్తుందో" అన్నారు. ఎవరోలే, ఇప్పుడెందుకు. నాకు వినపడింది, ఆవిడకీ వినపడింది. వదిన ఏడవలేదు. అక్కడే కాదు, తర్వాతా ఏడవలేదు. మొగుడు పోతే కన్నీటి చుక్క రాల్చలేదు, టీవీలో చూసింది నిజమే, ఈవిడ మనిషి కాదు, రాయి, అన్నారు. చాలా రోజుల తర్వాత, మేమిద్దరమే ఉండగా, ఉండబట్టలేక అడిగాను. వదినా, తలుపు వేసే ఉంది, ఎవరూ లేరు, ఒక్కసారి ఏడవకూడదూ, లోపలే పెట్టుకుంటే ఏమైపోతావు అని. చేతిలో ఉన్న చీర మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత, "వస్తుంది పిల్లా. గొంతు దాకా వస్తుంది. రాగానే ఎదురుగా నేనే కనపడతాను. బాగా ఏడుస్తున్నానా లేదా అని చూస్తూ ఉంటాను. ఇక రాదు" అంది.

ఆ తర్వాత ఇంకెన్నాళ్లు బతికిందిలే. నేనూ అడగలేదు.

ఏంటమ్మా అలా చూస్తావు? లే. బయట ఆరేసిన బట్టలు తియ్యి, మబ్బు పట్టింది.