రంపంపొడి

స్పేర్‌పార్టుల కొట్టు. కౌంటరుకి అటువైపు అన్న, ఇటువైపు చెల్లెలు. భోజనాల వేళ, ఇంకెవరూ లేరు.

“ఏ ఇంజనుకో చెప్పకుండా ఆయిల్ ఫిల్టరు ఇమ్మంటే ఎలాగే? కాలు చూపించకుండా చెప్పులడిగినట్టుంది.”

“కొండ పందేనికెళ్ళే బండికి అన్నయ్యా. నా పాత ఇంజను లాంటిదే అనుకో.”

“అలాంటిదా. అయితే కిందివేవీ పనికిరావు. పై అరలో ఉండాలి. ఉండు, నిచ్చెన తెస్తా.”

“నీ మోకాలికి నిచ్చెనెందుకు, నేనెక్కుతాను.”

“నువ్వెక్కకు. ఊగుతుందది.”

“ఇంత ఎత్తు నిచ్చెనకే?”

“ఊగుతుందన్నానా. జరుగు. ... ఇదిగో, ఇది.”

“ఇన్ని ఎర్రవీ పచ్చవీ పెట్టుకుని ఈ బూడిదరంగుదా?”

“రంగు చూసి కొనడానికి ఇదేమన్నా రుమాలా?”

“ఆ ఎర్రదాని మీద అన్నిటికంటే సన్నగా వడకడుతుందని రాశారు మరి.”

“అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. పొద్దున్నే నూనె చల్లగా, చిక్కగా ఉంటుందా? మరీ సన్నటి కాగితంలోంచి అది పోదు. అప్పుడు లోపల ఉన్న వాల్వు తెరుచుకుని, వడకట్టని నూనెనే ఇంజనులోకి వదిలేస్తుంది. ఎండిపోయి చావడం కంటే మురికి తాగి బతకడం నయమని.”

“ప్రాణం కాపాడ్డానికి మురికి పోస్తుందన్నమాట.”

“అన్నమాట. ఇది అంత సన్నం కాదు, అంత ముతకా కాదు. రేకు మందం. నా సొంత బండికైనా ఇదే బిగిస్తాను.”

“నిజంగా?”

“ఇదేం ప్రశ్న? ... అవునూ, మావాడు కనపడ్డాడా నీకీమధ్య?”

“ఎందుకు?”

“ఏం లేదు. సాయంత్రమైతే లైబ్రరీ అంటాడు. రాగానే అరగంట చేతులు కడుగుతాడు. వారానికో సబ్బు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ చేతులు కడుక్కోరా అని మొత్తుకునేది, వినేవాడు కాదు. ఇప్పుడు తనంతట తనే. ఆ సబ్బు చూస్తే ఎందుకో సంతోషమేస్తుంది.”

“మంచిదేగా.”

“మంచిదే. ఫిల్టరు కాగితంలో చుట్టనా?”

“ఆగు. పాత ఫిల్టరు కోసి చూడాలంటే ఎలా కోస్తారు అన్నయ్యా?”

“నీకు తెలీదా? నేనేగా నేర్పింది.”

“మళ్ళీ చెప్పు. నీ నోట వినాలనుంది.”

“డబ్బా మూత తీసే కత్తి లాంటిది ఉంటుంది. చుట్టూ తిప్పితే రేకు ఊడొస్తుంది. లోపలి కాగితం విప్పి, మెరుపేమన్నా ఉందేమో చూస్తాం. మెరిస్తే ఇంజను అరుగుతున్నట్టు.”

“రంపంతో కోస్తే?”

“రంపం పెట్టకూడదు.”

“పెడితే?”

“పెడితే... రేకు పొడి కాగితంలో పడుతుంది. ఏది ఇంజనుదో, ఏది రంపానిదో తెలీదు.”

“తెలుసుకునే దారే లేదా?”

“భోంచేశావా నువ్వు?”

“చేశాను. నీ స్క్రూలన్నీ అతుక్కునుంటాయే, ఆ అయస్కాంతం ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“ఇవ్వన్నయ్యా.”

“ఏంటా సంచి?”

“గుర్తుపట్టలేదా? నా ఇంజను ఫిల్టరు కాగితం. కిటికీ దగ్గర పట్టుకుని చూపించావు. చూడమ్మా ఎలా మెరుస్తోందో, బేరింగులన్నీ పోయాయి, ఇక దీని పనైపోయింది అన్నావు. నేను ఏడ్చాను. తల నిమిరావు కూడా.”

“ఆ మురికి కాగితం ఎవరైనా దాచుకుంటారటే?”

“పదేళ్ళు మోసిన ఇంజను. ఆఖరి గుర్తని దాచుకున్నాను. ఇప్పుడు చూడు. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఎలా లేచొస్తోందో.”

“ఇనుం కదా, లేస్తుంది.”

“బేరింగుల పైపూత ఇనుం కాదు, దాని పొడి లేవదు. అదీ నువ్వు నేర్పిందే.”

“ఎవరు చెప్పారు నీకు?”

“అంటే ఒప్పుకున్నట్టేగా.”

“ఎవరు చెప్పారంటున్నా.”

“ఇంజను అడుగు విప్పినవాళ్ళు. బేరింగులు అద్దాల్లా ఉన్నాయట.”

“ఆరోజు కోసే కత్తి కనపడలేదు. చేతికందిన రంపం తీసుకుని...”

“అన్నయ్యా.”

“ఊఁ.”

“ఇటు చూసి చెప్పు.”

“ఏం చెప్పను? ఆ కొండ పందెంలో నీ బండి తలకిందులైనప్పుడు నేనా మలుపులోనే ఉన్నా. తలుపు ఊడదీసి నిన్ను లాగేదాకా బతికున్నావో లేదో తెలీదు. అప్పటికి మీ వదిన పోయి ఏడాది కాలేదు. ఇంకొకర్ని పంపే ఓపిక నాకు లేదే.”

“ఆ మాటే అనొచ్చుగా. వద్దు, మానేయమని.”

“అంటే వినేదానివా?”

“వినేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. అలిగి మాట్లాడ్డం మానేసేదాన్ని. ఆ తర్వాత ఏమో, వినేదాన్నేమో. ఆ పోట్లాట నాది అన్నయ్యా. అది కూడా లేకుండా చేశావు.”

“నీ మంచికే...”

“అమ్మ వద్దంది. మా ఆయన వద్దన్నాడు. ఊళ్ళో ప్రతివాడూ వద్దన్నాడు. నువ్వొక్కడివే ఏనాడూ అనలేదు. అందుకే నీ మాట నమ్మాను. ఇంకెవరు చెప్పినా ఇంజను విప్పి చూసుకునేదాన్ని. నువ్వు చెప్పావని చూడలేదు.”

“తిట్టవే. నాలుగు తిట్టి వదిలెయ్యి.”

“తిట్టడానికి రాలేదు. ఫిల్టరు కోసమొచ్చాను.”

“మళ్ళీ ఎక్కుతావా కొండ?”

“దేంతో ఎక్కను? బండి ఇచ్చేశానుగా. పనికిరాదన్నావు కదా, అడిగినవాడికి ఇచ్చేశాను.”

“ఇచ్చేశావా? హమ్మయ్య.”

“హమ్మయ్యా?”

“నోరు జారిందిలే.”

“ఆదివారం పందెంలో ఆ బండి నడిపేది అతనే. ఈ ఫిల్టరు అతనికే. నేను వద్దన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి, నా భుజానికున్న కుట్లు చూపించి మరీ చెప్పాను. వినలేదు. బాగా పోట్లాడుకున్నాం. చివరికి అతనే నెగ్గాడు.”

“నెగ్గనీ. ఎవడెక్కితే నాకేం? నువ్వెక్కకపోతే చాలు.”

“అతనికేమన్నా అయితే?”

“అతనికీ ఓ నాన్న ఉంటాడుగా. ఆ భయమేదో ఆయన పడతాడు.”

“ఉన్నాడు.”

“ఇంజను విప్పింది కూడా అతనేనా? ఎవరే, అంత పనిమంతుడు?”

“అతనే. ఫిల్టరు వేరే ఎక్కడైనా కొందాంరా అంటే ఒప్పుకోలేదు. ‘మా నాన్న కొట్లోనే కొను అత్తా. ఆయన అబద్ధం ఆడతాడేమో గానీ, నాసిరకం సరుకు అమ్మడు’ అన్నాడు.”