తెర లోపలికి అందిన చెంబు

ఆదిలాబాద్ పత్తి మిల్లు ఎదురుగా దశరథం చాయ్ హోటల్. మిల్లు కూలీల మీద ముకద్దం రాయమల్లు అక్కడ కాలు మీద కాలేసుకున్నాడంటే ఇక ఎవరి పనీ నడవదు. ఆ రోజు ఇత్తడి చెంబు పక్కన పెట్టుకొని కథ మొదలుపెట్టాడు.

"పత్తి లారీ ఎంబడి బొంబాయి పోయిన గదా, గాడ ఫ్రాన్సోళ్ల సినిమా చూసిన. పాట లేదు, ఫైటింగు లేదు. ఊరవతల కొందరిని ఉంచిండ్రు, ఆళ్లను ఎవ్వలు ముట్టరు, బాయి కాడికి రానియ్యరు. చూసుడు ఎవ్వలతోని కాలే. ముందట కూసున్న సేటు లేసి ఉరికిండు. నేను రెప్ప గూడ కొట్టలే."

"మాటలు సమజయినయా అన్నా?" అన్నాడు దశరథం.

"మొదటి రీలు కాలే. రెండో రీలుకు సగం అయినయి. మూడో రీలుకు పక్కనున్న ఫ్రాన్సు దొరకు నేనే అర్థం చెప్పిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అండ్ల ఒక ముసలామె, పెదవులు పలిగినయి, నీళ్లు నీళ్లు అంటది. ఊరోళ్లు బాయి చుట్టు నిలవడి చూస్తుండ్రు గానీ ఒక్కడు పొయ్యలే. నాకు ఏడుపొచ్చింది. మా అవ్వ పోయిననాడు గూడ గంత ఏడ్వలే. లేసిన, గీ చెంబే, తెర లోపటికి చెయ్యి చాపి ఆమె చేతుల పెట్టిన."

"తెర చినగలేదా?" కాంటా పట్టే ముత్యం అడిగాడు.

"నీళ్లల్ల చెయ్యి పెడితే నీళ్లు చినుగుతయా? అంచుకు నోరు పెట్టి గటగట తాగింది. మిగిలినయి నేను తాగిన."

ఇదంతా హోటల్ మెట్టు కింద నిలబడి వింటున్నాడు బాలమల్లు. మిల్లులో పత్తి బేళ్లు మోస్తాడు, ఉండేది ఊరవతలి వాడలో. "పటేలా, జరన్ని మంచినీళ్లు. పొద్దటి సంది గొంతు ఎండుతుంది."

"దోసిలి పట్టు. ఇంక ఒంగు, చెంబుకు తాకుతవు." రాయమల్లు చెంబు భుజమెత్తుకు లేపి, పైనుంచి ధార పోస్తూనే కథ సాగించాడు. సగం నీళ్లు బాలమల్లు మోచేతుల వెంట కారిపోయాయి.

"ఏడిదాక చెప్పిన? ఆఁ, ఊరి దొర తుపాకి పట్టుకొని నా మీదికొచ్చిండు. మెడ వట్టి తెర బయటికి గుంజి మూడో లైన్ల కుర్చీల కూసోబెట్టిన. మనిషిని మనిషి ముడితే ఏమయితదిరా అన్న. ఫ్రాన్సు భాషలనే అన్న. దొర ఏడ్చిండు, ఊరోళ్లు ఏడ్చిండ్రు, మిషిను తిప్పేటోడు ఏడ్చి రీలంత తడిపిండు. ఇప్పటికి ఫ్రాన్సుల ఆ సినిమా ఏస్తే నా చెయ్యి, గీ వెండి కడెం కనవడతది. ఊరవతలి ఇండ్లన్ని ఆళ్లు ఊర్లెకు తెచ్చుకున్నరు. నా పేరు మీద బాయి గూడ తవ్విండ్రు."

దశరథం చాయ్ వడపోయడం ఆపి వింటున్నాడు. బాలమల్లు మోచేతులు తుడుచుకున్నాడు.

"పటేలా, గా ముసలామెకు చెంబు చేతికే ఇచ్చినవు గదా?"

"ఇచ్చిన."

"అంచుకు నోరు పెట్టి తాగింది."

"తాగింది. అయితేంది?"

"గీ చెంబే."

"గిదే అంటున్న గదరా."

బాలమల్లు మెట్టు కిందనే ఉండి చెయ్యి చాపాడు. "బొంబాయిల తెర దాటి ఫ్రాన్సు దాక అందింది గదా. గీ ఒక్క మెట్టు దిగుతదేమో చూద్దాం ఇయ్యి. నాకింక దూప తీరలే."

అందరూ చెంబు వైపే చూశారు. రాయమల్లు దాన్ని మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బాలమల్లు చెయ్యి అట్లాగే చాపి ఉంది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అని మాత్రం రాయమల్లు ఆ రోజు అడగలేదు.