సూది చావులు

అధ్యక్ష స్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, ఆయనకి అటూ ఇటూ కూర్చుని ఇందాకటి నుంచి నా గురించి నాలుగు మంచి మాటలు వెతకడానికి నానా అవస్థ పడ్డ పెద్దలకి, కిందటి వారం దాకా వరండాలో నేనెదురైతే ఫోను చూసుకుంటూ పక్కకి తప్పుకుని, ఇవాళ ముందు వరుసలో కూర్చుని అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టిన మిత్రులకి, ఒక పూట పని మానుకుని వచ్చిన మా తమ్ముడికి, మా మరదలికి, అందరికీ నమస్కారం.

పూలగుత్తి ఇచ్చారు, గాజు జ్ఞాపిక ఇచ్చారు, పైగా ఈ మడత కుర్చీ ఇచ్చారు. కుర్చీ చేతికిస్తూ మన స్టోర్సాయన "ఇంక హాయిగా కూర్చోండి మేడమ్" అన్నాడు. ఈ సంస్థలో "కూర్చోండి మేడమ్" అన్న మాట నేను ప్రతి మీటింగులోనూ విన్నాను గానీ, అంత మెత్తగా అనడం ఇదే మొదటిసారి. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. టీ ఇచ్చేలోగా నవ్వడానికి ఇంకేమీ మిగలదు.

నాకు ముందు మాట్లాడినతను, పిపెట్ ఎలా పట్టుకోవాలో నా దగ్గరే నేర్చుకున్నతను, నన్ను "మన బరువుచెయ్యి మేడమ్" అని తలుచుకున్నాడు. మీరంతా నవ్వారు, మర్యాద కోసం నేనూ నవ్వాను. ఆ ముద్దుపేరు ఎలా వచ్చిందో మీలో సగం మందికి తెలుసు. తెలియని సగంలో మా ఇంటివాళ్లున్నారు, మీ ఇంటివాళ్లున్నారు. వాళ్ల కోసం కాస్త విడమరిచి చెబుతాను. డైరెక్టరు గారు అనుమతిస్తే సంతోషం. అనుమతించకపోయినా, రిటైరైపోయిన నన్ను ఆయనిప్పుడు బదిలీ చేయలేరు కదా.

ఈ గాజుముక్క మీద "కత్తెరను కనుగొన్న చేతులకు" అని చెక్కించారు. కత్తెర అంటే బట్టలు కత్తిరించేది కాదమ్మా. అదొక ఎంజైమ్, మన ఒంట్లోనే పుట్టి మన ఒంట్లోనే పనిచేసేది. దాని అసలు పేరుకి నోరు తిరగదు కాబట్టి ల్యాబులో అందరం కత్తెర అని పిలుచుకుంటాం. దుమ్మో పొగో లోపలికి పోయి ఊపిరితిత్తి గాయపడిందనుకోండి, అక్కడి సన్న సన్న గాలి గదుల్లో రక్తం చెమర్చి గడ్డకడుతుంది. మొదటి రోజుల్లో ఈ కత్తెర వచ్చి ఆ గడ్డల్ని ముక్కలు చేసి, చచ్చిన కణాల్ని విడగొట్టి, కొత్త కణాలు రావడానికి దారి చేస్తుంది. అది రాకపోతే మనిషి ఒడ్డున కూర్చునే మునిగిపోతాడు, తన ఊపిరితిత్తుల్లో తానే. కానీ దానికి ఎక్కడ ఆపాలో తెలియదు. జబ్బు ముదిరి, కత్తిరించడానికి గడ్డలేమీ మిగలనప్పుడు, గోడల మీద పడుతుంది. పాత సున్నం గీకమని పిలిస్తే ఇటుకలు కూడా గీకి పెట్టే పనివాడుంటాడు చూశారూ, అలాగన్నమాట. మొదట్లో కాపాడేదీ అదే, చివర్లో కొంప కూల్చేదీ అదే. తేడా అంతా ఎప్పుడన్న దాంట్లోనే ఉంది. నా ఉద్యోగం మొత్తం కలిపి నేను తెలుసుకున్నది ఈ ఒక్క ముక్కే, ఇందులో కొంప కూల్చే రెండో సగానికే మీరీ గాజు ఇచ్చారు.

డైరెక్టరు గారు ఆ కత్తెర నోరు కట్టే మందు తయారు చేశారు. మంచి మందు. నా నోటితో నేనే చెబుతున్నాను, రాసుకోండి. ముదిరిన రోగులకి వేశారు. మంచం దిగలేనివాళ్లు దిగి, వార్డులో నాలుగడుగులు వేశారు. ఒకావిడ కిటికీ దాకా నడిచి వెళ్లి రోడ్డు చూసి ఏడ్చింది, నేనూ అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ రోజు ఈయన మీద నాకు నిజంగానే గౌరవం కలిగింది. (చప్పట్లు) ఆగండి, ఆగండి. ముందే మురిస్తే తర్వాత మిగిలేది ముక్కు చీదుకోవడమే.

ఆ తర్వాత మన పెద్దలకి ఒక ఆలోచన వచ్చింది. ముదిరినవాళ్లకే ఇంత మేలు చేస్తే, జబ్బు మొదట్లోనే వేస్తే ఇంకెంత మేలు చేస్తుందో కదా! వినడానికి ఎంత బావుందో చూడండి. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకునేదాన్నేమో, సూది చావులు చూసి ఉండకపోతే.

సూది చావు అన్నది మా ల్యాబు మాట, బయటివాళ్లకి తెలియదు. ల్యాబులో ఎలుకకి సూది వేస్తాం. వేసిన మొదటి వారంలో ఎలుక చచ్చిపోతే అది జబ్బు వల్ల కాదు, మందు వల్ల కాదు, సూది సరిగా వేయకపోవడం వల్ల అని ఇక్కడ ఆనవాయితీ. దాన్ని తీసి పక్కన పడేసి, దాని బోనులో ఇంకో ఎలుకని పెడతారు. లెక్కలోకి రాదు. ఈ పద్ధతి పెట్టింది ఈ సంస్థని నిలబెట్టిన పెద్దాయన. ఆయన్ని నేనేమీ అనను. అప్పట్లో వచ్చినవాళ్లంతా చేతులు వణికే కుర్రవాళ్లు, నిజంగానే ఎలుకల్ని సూదితోనే చంపేవాళ్లు. ఆయన న్యాయంగానే పెట్టాడు. ఆయన పోయాడు, వణికే చేతులు కుదురుకున్నాయి, ఆనవాయితీ మాత్రం గోడకి కొట్టిన మేకులా అలాగే ఉండిపోయింది.

మందుని జబ్బు మొదట్లో వేసి చూసే పని నాకు అప్పజెప్పారు. వేశాను. మొదటి వారంలో ఎలుకలు పోవడం మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు, బోను తర్వాత బోను. మూలకి నక్కి, నోరు తెరుచుకుని, పక్కటెముకలు ఎగరేస్తూ పోయాయి. కోసి చూస్తే ఊపిరితిత్తుల నిండా నీరూ గడ్డలూ. కత్తెర నోరు కట్టేశాం కదా, గడ్డలు తీసే దిక్కు లేదు. పరిగెత్తుకుంటూ డైరెక్టరు గారి గదికి వెళ్లి చెప్పాను. ఈయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "మొదటి వారమేగా మేడమ్, సూది చావులు. మీ చెయ్యి కాస్త బరువేమో, చూసుకోండి" అన్నారు. అంతే. ఆ సాయంత్రానికల్లా నాకు పేరు పెట్టేశారు.

బతికిన ఎలుకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఎందుకుండవు? గట్టివే కదా మిగిలింది. వాటినే లెక్కపెట్టారు. మొదట్లో వేస్తే బ్రహ్మాండం అని తేల్చారు. చచ్చినవాటిని తీసేసి బతికినవాటిని అడిగితే ఎవరైనా బాగానే ఉన్నామంటారు.

నేను మళ్లీ చేశాను. ఈసారి పక్కపక్కనే బోనులు పెట్టి, సగం బోనులకి మందు, సగం బోనులకి ఉత్త ఉప్పునీళ్లు. అదే జబ్బు, అదే పూట, అదే రకం సూది, ఇదిగో ఇదే చెయ్యి. ఉప్పునీళ్ల బోనుల్లో ఒక్కటంటే ఒక్కటి పోలేదు. మందు బోనుల్లో పోయాయి. అయ్యా, నా చెయ్యి బోనుని బట్టి బరువెక్కుతుందా? ఈ ప్రశ్న నేను కమిటీలో అడిగాను. ఆ కమిటీలో ఉన్నవాళ్లు ముగ్గురు ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని బూట్లు చూసుకుంటున్నారు. ఆ రోజు ఒకాయన ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు, "మేడమ్, ఆ ఎలుకలు అసలు లెక్కలోనే లేవు కదా" అన్నారు. లెక్కలో లేవనే కదయ్యా నా మొర! చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరకడానికి తంటా పడుతున్నావా అన్నాడట. నా శంఖానికీ ఆ గతే పట్టింది.

కోపం ఉందా అంటే, ఉంది. పేరు రానందుకు కాదు. పేరు ఇచ్చారు, వద్దన్నా ఇచ్చారు. ఆస్పత్రి వార్డు గోడ మీద మందు పక్కన నా ఫొటో పెట్టారు, తలకి నూనె రాసుకుని కూర్చున్న పాత ఫొటో. నా మాట పనికిరాలేదు గానీ నా మొహం పనికొచ్చింది.

ఆ గోడ ముందు నుంచే సోమవారం మా తమ్ముడు లోపలికి వెళ్లబోతున్నాడు.

అదిగో, నాలుగో వరుసలో, నీలం చొక్కా. తల దించుకోకురా, అందరూ చూడనీ. మా తమ్ముడు వడ్రంగి. ఈ వేదిక మీదున్న బల్ల కూడా వాడు చేసిందే. చిన్నప్పటి నుంచీ రంపపుపొట్టు పీల్చాడు. జబ్బు ఇప్పుడిప్పుడే మొదలైంది. మెట్లెక్కుతూ ఆయాసమొచ్చి ఆగాడని ఎవరూ అనుకోకూడదని గోడకున్న పటమేదో చూస్తున్నట్టు నటిస్తాడు. మా ఇంటి మెట్ల దగ్గర పటం లేదు, అక్కడ కరెంటు మీటరు చూస్తాడు. మొదటి దశ రోగులు కావాలని వెతుకుతున్న మన సంస్థకి వాడు దొరికాడు. "మీ అక్కగారి జీవితకాలపు కృషి" అని డైరెక్టరు గారు స్వయంగా వాడి భుజం తట్టారట. వాడు ఉబ్బిపోయాడు.

నిన్న వాడి ఇంటికి వెళ్లి అడిగాను. "ఒరేయ్, సోమవారం వెళ్లకురా" అన్నాను.

"నీ మందే కదక్కా. గోడ మీద నీ ఫొటో కూడా చూశాను."

"నాది కాదురా బాబూ. ముదిరాక వేస్తే మంచిదే. నీకిప్పుడు వేస్తే ముంచేస్తుంది. ఎలుకలు అలాగే పోయాయి."

వాడు నవ్వాడు. వెక్కిరింత కాదు, ముద్దుగానే నవ్వాడు. "అది కాదక్కా, మీ ఆఫీసులో అందరూ అంటారుగా, నీ చెయ్యి బరువని. దానికే పోయుంటాయిలే. నువ్వు ఊరికే బెంగపెట్టుకోకు" అన్నాడు.

ఏళ్ల తరబడి మీరు నన్ను చూసి నవ్విన నవ్వు ఎక్కడి దాకా వచ్చిందో తెలిసిందా అయ్యా? మా ఇంటి దాకా వచ్చింది. నా తోడబుట్టినవాడి నోట్లోకి వచ్చింది. మీ మీద వాడికి నమ్మకం, వాడి మీద నాకు ప్రాణం, మధ్యలో మీ ఆనవాయితీ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అక్కడ పోయేది నాలుకే. ఇక్కడ పోయేది మా తమ్ముడు.

తమ్ముడూ, అమ్మ మంచాన పడ్డప్పుడు రోజూ సూది వేసింది ఎవర్రా? నువ్వు అమ్మ కాళ్లు పట్టుకుని పక్కనే కూర్చునేవాడివి. "వేశావా? తెలియనే లేదే" అనేది అమ్మ. నువ్వు చూశావు. నువ్వు మర్చిపోయావా, ఆ చెయ్యే ఇది.

(అధ్యక్షులు చీటీ పంపారు.)

చీటీ వచ్చింది. "సమయం మించిపోయింది, దయచేసి ముగించండి" అని. ముగిస్తాను. డైరెక్టరు గారూ, నాకు మీ మీద పగ లేదు. మీరు దుర్మార్గులు కారు. తొందరపడ్డారు, తొందరలో కళ్ల ముందున్న చావుల్ని చావులు కాదనుకున్నారు. నేనడిగేది ఒక్కటే. ఆ ఎలుకల్ని లెక్కలోకి తీసుకోండి. అంతవరకూ కొత్తగా జబ్బు వచ్చిన మనిషి మీద ఈ మందు వేయకండి. రేపు మనుషులు మొదటి వారంలో పోతే ఏమంటారు? నర్సు చెయ్యి బరువంటారా?

ఒరేయ్, అందరి ముందూ అడుగుతున్నాను. వెళ్లనని చెప్పు.

మా మరదలు లేచింది. కూర్చోమ్మా, నువ్వేడవకు. నువ్వు నమ్మావు, అది చాలు. వాడింకా అటే చూస్తున్నాడు, డైరెక్టరు గారి వైపు. సరే. మొండితనం మా ఇంటిదే, నేనెవరిని తప్పుపడతాను.

మరి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ జీతమిచ్చిన సంస్థకి కృతజ్ఞతలు. పూలు తెచ్చినవాళ్లకి, మైకు కట్టినతనికి, నా మాటల మధ్యలో దాన్ని ఆపనందుకు మరీ మరీ కృతజ్ఞతలు. అన్నిటికన్నా ఎక్కువ ఈ కుర్చీకి. చాలా తేలిగ్గా ఉంది, మడిస్తే చంకలో పెట్టుకుని వెళ్లొచ్చు. సోమవారం పొద్దున వార్డు తలుపు తీసే వేళకి ఆ గుమ్మం పక్కన, నా ఫొటో కిందే, దీన్ని వేసుకుని కూర్చుంటాను. లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ ఆపి సూది చావంటే ఏమిటో చెబుతాను. ముందుగా నీలం చొక్కా వేసుకున్నవాడికి చెబుతాను. ఆ మర్నాడు కూడా వస్తాను, ఆ తర్వాత కూడా. ఇక నాకు వేరే పనేముంది? కూర్చోమని మీరే కదా ఇచ్చారు.

సెలవు.