ఆ ఇంటి పేరు

ఇళ్లల్లో చిన్నపిల్లల్ని పనికి పెట్టుకోకూడదని చట్టం వచ్చిన సందర్భంగా బందరులో సభ జరిగింది. ఆ ప్రచారం మొదలుపెట్టిన సుగుణ, ఊరూరా తన కథ చెప్పిన దయామణి ఇప్పుడు బస్టాండులో చల్లపల్లి బస్సు కోసం కూర్చున్నారు. దండ పడింది దయామణి మెడలో. సుగుణకి అది ఇంకా మింగుడుపడలేదు.

"దండ తెచ్చుకోలేదేం?"

"అక్కడే వదిలేశానండీ. బస్సులో నలిగిపోతుంది."

"పోనీలే, రేపింకొకళ్లు వేస్తారు."

"మిమ్మల్ని కూడా వేదిక మీదకి పిలవమని నేను—"

"నువ్వు చెబితే పిలవాలా నన్ను? అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా ఎండలో తిరిగి సంతకాలు పెట్టించిందెవరు?"

"మీరేనండీ."

"నిన్ను మైకు ముందు నిలబెట్టింది?"

"మీరే. కాదన్నానా?"

"నువ్వు నోరు తెరిస్తే చాలు, జనం కళ్లొత్తుకుంటారు. నాకు చెప్పుకోడానికి కష్టాలు లేవు మరి. అదీ నా లోటు."

"ఎంత మాటండీ! నా కష్టాలు కావాలంటే మీకే ఇచ్చేద్దును."

"సరే, ఒకటి చెప్పు. అసలందులో నిజమెంత? గుడివాడలో ఇల్లంటావు, బావి దగ్గర అంట్లంటావు, గరిట కాల్చి వాత పెట్టారంటావు. ఆ ఇంటివాళ్ల పేరు మాత్రం చెప్పవు."

"మన బస్సేమో చూడండి, అదిగో..."

"అది గుడివాడ బస్సు. పేరు చెప్పు."

"ఇప్పుడెందుకండీ?"

"కల్పించావని నా అనుమానం. విలేకర్లడిగినా దాటేశావు."

"చెబితే పని ఆగిపోతుందని భయపడ్డాను."

"ఏం పని?"

"మన పనేనండీ. మీరు మానేస్తే ఎవరు తిరిగేవాళ్లు?"

"నేనెందుకు మానేస్తాను? అటు తిరుగుతావేం? చెప్పు."

"వేసవి సెలవులకి ఆ ఇంటికో అమ్మాయి వచ్చేదండీ. నా ఈడే. పరికిణీ కట్టుకుని, అరుగు మీద కాళ్లూపుకుంటూ కథల పుస్తకాలు చదువుకునేది. ఇందాక సభలో మీరు నన్ను చూశారే, అచ్చం అలా చూసేదాన్ని ఆ అమ్మాయిని. కుళ్లి చచ్చేదాన్ని."

"గుడివాడలో... మా అమ్మమ్మగారిల్లు కూడా..."

"అవునండీ."

"కాదు! మా అమ్మమ్మ ఇంట్లో దయామణి అనే పిల్లే లేదు. నాకు బాగా గుర్తు."

"నా పేరు అక్కడెవరూ అడగలేదండీ. మీరు కూడా 'ఒసేయ్ పిల్లా' అనే పిలిచేవారు."